పాలు తాగుతూనే అలసిపోయేది: మా పాప గుండె ఆపరేషన్ దాకా నా అనుభవం

మా పాప ఎప్పుడూ నీలంగా మారలేదు. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే పసిపిల్లలకి గుండెజబ్బు అనగానే అందరికీ నీలం పెదవులే గుర్తొస్తాయి, నాకూ అంతే, ఆ ఒక్క నమ్మకం వల్ల మేము దాదాపు మూడు వారాలు పోగొట్టుకున్నాం. పెదవులు ఎర్రగా ఉన్నాయి, ఏడుపు గట్టిగా ఉంది, పిలిస్తే తిరిగి చూస్తోంది, ఇంకేం భయం అనుకున్నాం. తన గుండెలో కింది రెండు గదుల మధ్య ఉండే గోడకి 7 మిల్లీమీటర్ల రంధ్రం ఉందని తెలిసేసరికి తనకి 6 వారాలు దాటాయి.

నెలలు నిండి పుట్టింది, బరువు 2.9 కిలోలు. గర్భంలో ఉన్నప్పుడు 20వ వారంలో తీసిన స్కాన్‌లో అంతా బాగానే ఉందన్నారు. పుట్టిన రెండో రోజు నర్సు వచ్చి కుడి చేతికి ఒకసారి, కాలికి ఒకసారి చిన్న లైటు ఉన్న పట్టీ చుట్టి ఆక్సిజన్ చూసింది, 98, 97 వచ్చాయి. రెండూ 95 దాటి, వాటి మధ్య తేడా 3 కంటే ఎక్కువ లేకపోతే పాస్ అయినట్టే అని చెప్పింది. డాక్టర్ స్టెతస్కోపు పెట్టి విన్నారు, ఏ శబ్దమూ లేదన్నారు. ఇవన్నీ సరిగ్గానే జరిగాయి, ఎవరూ తప్పు చేయలేదు, కానీ ఈ పరీక్షలన్నీ దాటుకుని కూడా ఒక పెద్ద రంధ్రం కనపడకుండా ఉండగలదని నాకు అప్పుడు తెలియదు.

మొదటి రెండు వారాలు మామూలుగానే గడిచాయి. మూడో వారం చివర్లో పాలు తాగే తీరు మారింది. మొదట ఆబగా పట్టుకునేది, రెండు మూడు నిమిషాలు తాగి వదిలేసి రొప్పేది, మళ్ళీ పట్టుకునేది, మళ్ళీ వదిలేసేది, పది నిమిషాలకల్లా నిద్రలోకి జారిపోయేది. లేపి పట్టిస్తే ఇంకో రెండు గుక్కలు. అలా ఒక్కోసారి 45 నిమిషాలు పట్టేది, అయినా కడుపు నిండేది కాదు, అరగంటకే ఆకలితో లేచి ఏడ్చేది. నాకు పాలు చాలడం లేదేమో అని అందరూ అన్నారు, నేనూ అదే నమ్మాను. పాలు పిండి సీసాలో పోసి పట్టాను. సీసాతోనూ అదే తంతు. పాలు ఉన్నాయి, ఆకలీ ఉంది, తాగే ఓపిక లేదు. ఆ తేడా నాకు అప్పుడే తట్టాల్సింది.

ఇంకొకటి చెమట. గది చల్లగా ఉన్నా పాలు తాగుతుంటే నుదుటి మీద ముత్యాల్లా చెమట పట్టేది, తల కింద పెట్టిన నా చెయ్యి తడిసిపోయేది. "చంటిపిల్లలకి తల దగ్గర చెమట పడుతుందిలే, నీకూ పట్టేది" అంది మా అమ్మ. నిజమే, చాలామంది పిల్లలకి పడుతుంది. కానీ తాగుతున్నప్పుడే పడుతోంది, ఊరికే పడుకున్నప్పుడు లేదు. తరువాత గుండె డాక్టర్ చెప్పిన మాట ఇది: పెద్దవాళ్ళకి గుండె ఎలా ఉందో చూడాలంటే మెట్లెక్కిస్తాం, నడిపిస్తాం, పసిబిడ్డ చేసే కష్టమైన పని పాలు తాగడం ఒక్కటే, అందుకే జబ్బు ముందు అక్కడే బయటపడుతుంది.

నాలుగో వారం దాటాక ఒకరోజు స్నానం చేయించి తుడుస్తుంటే పక్కటెముకల కింద లోపలికి పోతున్నట్టు కనిపించింది. మా అత్తయ్య చూసి "ఇదేంటమ్మా, డొక్కలు ఎగరేస్తోంది" అన్నారు. ఆ రోజే దగ్గర్లో ఉన్న పిల్లల డాక్టర్‌కి చూపించాం. ముక్కు కొంచెం బిగుసుకుపోయి ఉంది, జలుబు అన్నారు, ముక్కులో వేయడానికి సెలైన్ చుక్కలు రాశారు. బరువు చూడలేదు. నేనూ అడగలేదు. ఆ డాక్టర్ మీద నాకు చాలా రోజులు కోపం ఉండేది, ఇప్పుడు కోపం కంటే బాధే ఎక్కువ, ఎందుకంటే ఆ గదిలో తూకం బల్ల మా పక్కనే ఉంది, ఒక్క నిమిషం పాపని దాని మీద పడుకోబెట్టి ఉంటే జలుబుతో బిడ్డ బరువు పెరగకుండా ఆగిపోదని అందరికీ అర్థమయ్యేది.

6 వారాల టీకాకి వెళ్ళినప్పుడు అక్కడ తప్పకుండా తూస్తారు కాబట్టి తూశారు. 3.25 కిలోలు. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకి 25 నుంచి 30 గ్రాములు పెరగాలి, ఆ లెక్కన 4 కిలోలకి దగ్గర్లో ఉండాలి. కార్డులో ఉన్న గీత మీద చుక్క పెట్టి ఆ డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగింది. టీకా పక్కన పెట్టి, పాప చొక్కా విప్పమంది, స్టెతస్కోపు పెట్టి కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది. కడుపు కుడివైపు చేత్తో తడిమి కాలేయం ఎంత కిందికి ఉందో చూసింది. తరువాత గడియారం ముందు పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. 72. రెండు నెలల లోపు పిల్లలకి నిమిషానికి 60 గానీ ఆపైన గానీ ఉంటే ఎక్కువ కిందే లెక్క, రెండు నెలల నుంచి ఏడాది దాకా అయితే 50, అని చెప్పి, "అమ్మా, గుండెలో ఒక శబ్దం వినిపిస్తోంది, దాన్ని మర్మర్ అంటాం, మర్మర్ ఉన్న పిల్లలందరికీ జబ్బు ఉండదు, కానీ పాప బరువు, ఊపిరి చూస్తుంటే ఈరోజే ఎకో తీయించాలి" అంది. ఈరోజే అన్న మాట దగ్గర నా కాళ్ళు వణికాయి.

ఎకో అంటే కడుపుకి తీసే స్కాన్ లాంటిదే, జెల్ రాసి ప్రోబ్ అనే చిన్న పరికరాన్ని ఛాతీ మీద తిప్పుతారు, నొప్పి ఉండదు. బిడ్డ కదలకుండా ఉంటే చాలు. మా పాప మా ఆయన వేలు పట్టుకుని పడుకుంది. తెర మీద ఎరుపు, నీలం రంగులు కదులుతుంటే నేను ఆ రంగుల్ని చూసి చెడ్డ రక్తం, మంచి రక్తం అనుకున్నాను, అది కాదట, రక్తం ప్రోబ్ వైపు వస్తుంటే ఒక రంగు, దూరంగా పోతుంటే ఇంకో రంగు. రెండు గదుల మధ్య గోడ దగ్గర మాత్రం రంగులన్నీ కలిసిపోయి మంటలా ఎగసిపడుతున్నాయి. డాక్టర్ ఏమీ చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

వి.ఎస్.డి. అన్నారు, అంటే గుండెలో కింది గదుల మధ్య గోడకి రంధ్రం. పుట్టుకతో వచ్చే గుండెజబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. మొత్తం గుండెలోపాలన్నీ కలిపితే దాదాపు వంద మంది పిల్లల్లో ఒకరికి ఉంటాయట, ఆ మాట విన్నాక నా చుట్టూ ఉన్న పిల్లలందర్నీ వేరుగా చూడటం మొదలుపెట్టాను. మా పాప రంధ్రం దాదాపు గుండె నుంచి బయటికి వెళ్ళే పెద్ద రక్తనాళం మూతి అంత ఉందని కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

పుట్టినప్పుడు ఎందుకు తెలియలేదు అన్నది నేను అడిగిన మొదటి ప్రశ్న. ఆయన ఓపికగా చెప్పారు. తల్లి కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు పని చేయవు, వాటి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి, పుట్టాక కూడా కొన్ని వారాల దాకా ఆ బిగువు పూర్తిగా తగ్గదు. అంటే గుండెలో కుడి, ఎడమ పక్కల ఒత్తిడి దాదాపు సమానంగా ఉంటుంది, మధ్యలో రంధ్రం ఉన్నా రక్తం అటూ ఇటూ పెద్దగా దూకదు, దూకకపోతే శబ్దం రాదు. వారాలు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు ఎడమ పక్క నుంచి రక్తం రంధ్రం గుండా కుడి పక్కకి, అక్కడి నుంచి మళ్ళీ ఊపిరితిత్తులకి పోతుంది. ఒంటికి వెళ్ళాల్సిన రక్తం సగం దారిలో వెనక్కి తిరుగుతుందన్నమాట. ఊపిరితిత్తులు రక్తంతో బరువెక్కిపోతాయి, గుండె ఇంకా ఎక్కువ కష్టపడాలి. అందుకే మూడు, నాలుగు వారాలకి మొదలైంది. ఇలా తిరిగేది అప్పటికే ఆక్సిజన్ కలిసిన మంచి రక్తమే కాబట్టి బిడ్డ నీలంగా మారదు, వేలికి పట్టీ చుట్టి చూసినా నంబరు బాగానే వస్తుంది. 20వ వారంలో గుండె మొత్తం గోళీకాయంత ఉంటుంది, అందులో ఈ రంధ్రం చాలాసార్లు స్కాన్‌కి దొరకదు.

రెండో ప్రశ్న అందరు తల్లులూ అడిగేదే. నేనేం తప్పు చేశాను? గర్భంతో ఉన్నప్పుడు జ్వరానికి వేసుకున్న మాత్ర, ఒకసారి మెట్ల మీద జారిపడటం, అన్నీ వరుసగా చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి "ఇవేవీ కాదమ్మా" అన్నారు. చాలామంది పిల్లల్లో ఫలానా కారణం అని చెప్పలేమట. కొందరికి డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాల వల్ల వస్తుంది, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలోపం ఉంటుంది. మొదటి నెలల్లో తల్లికి రుబెల్లా రావడం, అదుపులో లేని షుగర్, మూర్ఛకీ మొటిమలకీ వాడే కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. నాకు అవేవీ లేవు. గుండె గదులుగా విడిపోయే పని 8వ వారానికల్లా అయిపోతుంది, అంటే నాకు గర్భం అని తెలిసిన కొద్ది రోజులకే ఆ గోడ కట్టడం పూర్తయింది, అందులో కొంచెం మిగిలిపోయింది. ఈ ఒక్క మాట నాకు మందులా పనిచేసింది, బంధువులు ఎవరు ఏమన్నా ఇదే చెప్పేదాన్ని.

రంధ్రాలు వాటంతట అవే మూసుకుపోతాయి అని అందరూ అంటారు. అది అబద్ధం కాదు, చిన్న రంధ్రాలు, ముఖ్యంగా గోడలో కండ భాగంలో ఉన్నవి చాలావరకు మూసుకుపోతాయి, చాలామంది పిల్లలకి మందు కూడా అక్కర్లేదు, అప్పుడప్పుడు ఎకో చూస్తే చాలు. మాది అది కాదు. పెద్దది, కవాటాలకి దగ్గరగా ఉంది, పైగా బిడ్డ ఆయాసపడుతోంది. కాలి రక్తనాళంలోంచి గొట్టం పంపి గొడుగు లాంటిది పెట్టి మూయొచ్చు కదా అని మా ఆయన అడిగారు, ఇంత చిన్న బిడ్డకి, ఆ చోట, అది కుదరదన్నారు. ఆపరేషనే. కానీ వెంటనే కాదు, ముందు మందులతో గుండె బరువు తగ్గించి, కాస్త ఒళ్ళు చేశాక, ఆరు నెలల లోపు.

ఆరు నెలలే ఎందుకు, ఏడాదో రెండేళ్ళో ఆగి బిడ్డ గట్టిపడ్డాక చేయిస్తే మంచిది కదా అని ఇంట్లో పెద్దవాళ్ళంతా అన్నారు, నాకూ మనసులో అదే ఉంది. దానికి డాక్టర్ చెప్పిన జవాబు ఎవరైనా ఇలా వాయిదా వేస్తుంటే చదవాలని ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువ రక్తం, ఎక్కువ ఒత్తిడితో ఏళ్ళ తరబడి పోతుంటే ఊపిరితిత్తుల రక్తనాళాల గోడలు మందమైపోతాయి, ఒక దశ దాటితే అది మళ్ళీ మామూలు కాదు, అప్పుడు రక్తం ఎదురు తిరిగి కుడి నుంచి ఎడమకి పోవడం మొదలవుతుంది, బిడ్డ అప్పుడు నీలంగా మారుతుంది. దాన్ని ఐసెన్‌మెంగర్ అంటారు, 1897లో మొదట వివరించిన డాక్టర్ పేరు. ఆ దశకి వచ్చాక రంధ్రం మూస్తే ప్రాణానికే ప్రమాదం, అంటే ఆపరేషన్ చేసే అవకాశమే పోతుంది. ఇంకా కష్టమైన సంగతేంటంటే, రక్తనాళాలు మందం అవుతున్న కొద్దీ ఊపిరితిత్తులకి పోయే రక్తం తగ్గి బిడ్డ ఆయాసం తగ్గినట్టు, బాగుపడినట్టు కనిపిస్తుందట. అదే చూసి కొందరు ఆస్పత్రికి రావడం మానేస్తారట. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మందుల రోజులు మూడు నెలల పైనే. ఫ్యూరోసెమైడ్ అని ఒంట్లో నీరు తగ్గించే మందు, అది చుక్కల రూపంలో, ఒక్కో డోసు అర మిల్లీలీటరు కూడా ఉండదు. సిరంజి మీద 0.3 గీత దగ్గర ఆపాలి, చుక్క ఎక్కువైనా నాకు భయం. తరువాత ఎనలప్రిల్ అని రక్తనాళాల్ని వదులు చేసి గుండెకి పని తగ్గించే మందు కలిపారు, దానికి ముందూ తరువాతా కిడ్నీలు, పొటాషియం చూడటానికి రక్తం తీశారు. వాంతి చేసుకుంటే మళ్ళీ వేయకండి, ముందు ఫోన్ చేయండి అని గట్టిగా చెప్పారు. నేను ఒక పుస్తకం పెట్టుకుని మందు వేసిన టైము, తాగిన పాలు, నిద్రలో ఊపిరి లెక్క, వారానికి రెండుసార్లు బరువు రాసేదాన్ని. ఊపిరి ఎప్పుడూ బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పసిపిల్లల్లో తప్పు వస్తుంది, వాళ్ళు ఆగి ఆగి పీలుస్తారు.

పాల విషయంలో నాకు చాలా కష్టంగా అనిపించింది ముక్కు గొట్టం. 20 నిమిషాలకంటే ఎక్కువ నోటితో తాగనివ్వద్దు, అంతకుమించి తాగితే వచ్చే శక్తి కంటే ఖర్చయ్యే శక్తి ఎక్కువ అన్నారు. మిగిలిన పాలు ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్నటి గొట్టం గుండా వెళ్ళేవి. పిండిన నా పాలలోనే శక్తి పెంచే పొడి, డాక్టర్ చెప్పిన కొలతకి. ఆ గొట్టం చూసి చుట్టాలు కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు, నాకు మొదటి వారం తనని ఎత్తుకోవాలన్నా చేతులు వణికేవి. కానీ ఎదుగూ బొదుగూ లేకుండా ఉన్న పిల్ల ఆ గొట్టం పెట్టాక మొదటి వారంలో 110 గ్రాములు పెరిగింది. అప్పటి నుంచి ఆ గొట్టానికి నేను మనసులో దండం పెట్టుకున్నాను.

మూడో నెల నిండాక జలుబు వచ్చి ఛాతీకి పట్టింది. ఊపిరితిత్తుల్లో ముందే రక్తం ఎక్కువగా ఉండే ఈ పిల్లలకి మామూలు జలుబు కూడా మామూలుగా పోదు. ఐదు రోజులు ఐసియులో ఉన్నాం. ఆక్సిజన్ ఎక్కువ పెట్టండి అని నేను నర్సుని బతిమాలాను, ఎక్కువ పెడితే ఊపిరితిత్తుల నాళాలు ఇంకా తెరుచుకుని రక్తం ఇంకా అటే పోతుంది, అవసరమైనంతే ఇవ్వాలి అని తను చెప్పింది. ఆపరేషన్ తేదీ నాలుగు వారాలు వెనక్కి వెళ్ళింది.

అక్కడే పక్క మంచం మీద పది నెలల బాబు ఉండేవాడు. వాడిది వేరే జబ్బు, టెట్రాలజీ ఆఫ్ ఫాలో. వాడు ఏడిస్తే పెదవులు, నాలుక ముదురు నీలంగా అయిపోయేవి. అప్పుడు వాళ్ళమ్మ కంగారు పడకుండా వాడి రెండు మోకాళ్ళూ ఛాతీకి నొక్కి పట్టుకుని మెల్లగా మాట్లాడేది, నర్సు వచ్చేలోపు రంగు కొంచెం తేరుకునేది. అలా చేస్తే కాళ్ళ వైపు రక్తానికి అడ్డు పెరిగి ఊపిరితిత్తుల వైపు కొంత ఎక్కువ పోతుందట, ఇంట్లో మొదటిసారి ఇలా నీలంగా అయినప్పుడు తెలియక భుజాన వేసుకుని ఊపాను అని ఆవిడ నాతో చెప్పి ఏడ్చింది. చేతులు, పాదాలు మాత్రమే నీలంగా ఉంటే పసిపిల్లల్లో చలికి కూడా అవుతుంది, కానీ నాలుక, పెదవులు నీలమైతే అది వేరు, ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. ఆవిడ కొడుకు నీలం, నా కూతురు ఎరుపు, ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు.

ఆపరేషన్ రోజుకి పాపకి 4 నెలల 3 వారాలు, 4.4 కిలోలు. నాలుగు గంటల ముందు దాకా నా పాలు ఇవ్వొచ్చన్నారు, తెల్లవారుజామున మూడింటికి చివరిసారి ఇచ్చాను. తరువాత ఆకలికి ఏడుస్తుంటే ఏమీ ఇవ్వలేక ఎత్తుకుని వరండాలో తిరిగాం. తలుపు దగ్గర మత్తు డాక్టర్ చేతులు చాచి "ఇక నేను చూసుకుంటానమ్మా" అన్నారు. పాప ఆయన వైపు చూసి నవ్వింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ముందు రోజు రాత్రి నిద్ర రాక ఫోన్‌లో ఈ ఆపరేషన్ గురించి చదివాను. 1953లో జాన్ గిబ్బన్ అనే డాక్టర్ గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రంతో మొదటిసారి విజయవంతంగా గుండె లోపల ఆపరేషన్ చేశారు. ఆ మరుసటి ఏడాది 1954 మార్చిలో అమెరికాలోని మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై బృందం మా పాపకున్న ఈ రంధ్రాన్నే మొదటిసారి మూసింది, యంత్రం లేకుండా. ఏడాది దాటిన బాబు ఒక బల్ల మీద, వాళ్ళ నాన్న పక్క బల్ల మీద, మధ్యలో గొట్టాలు, కొడుకు గుండె ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ తండ్రి గుండె, తండ్రి ఊపిరితిత్తులు ఇద్దరికీ పనిచేశాయి. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ ఆ బాబు 11 రోజులకి న్యుమోనియాతో పోయాడు. ఇది మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తరువాత "నన్ను పడుకోమంటే ఇప్పుడే పడుకుంటాను" అన్నారు.

ఐదు గంటలు పట్టింది. రొమ్ము ఎముక మధ్యలో తెరిచి, రక్తాన్ని యంత్రంలోకి మళ్ళించి, గుండెని ఆపి, రంధ్రం మీద మాసిక వేసి కుట్టారు. గుండె ఆపి ఉంచింది 50 నిమిషాల పైన. బయటికి వచ్చి సర్జన్ చెప్పింది రెండు మాటలే, రంధ్రం మూసేశాం, గుండె కొట్టుకుంటోంది కానీ కొంచెం నెమ్మదిగా ఉంది, గుండెని సరైన వేగంతో కొట్టించడానికి తాత్కాలికంగా పేస్‌మేకర్ తీగలు పెట్టాం. ఆ రంధ్రం అంచున గుండెకి కరెంటు వెళ్ళే దారి ఉంటుంది, కుట్టేటప్పుడు అక్కడ వాపు వస్తే ఇలా అవుతుంది, చాలామందికి కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది, సర్దుకోకపోతే శాశ్వతంగా పేస్‌మేకర్ పెట్టాలి, ఇది ముందే చెప్పి సంతకం కూడా తీసుకున్నారు. సంతకం పెట్టిన రోజు ఆ వాక్యం నేను సరిగ్గా చదవలేదు.

ఐసియులో మొదటిసారి చూసేముందు నర్సు నన్ను బయట నిలబెట్టి లోపల ఏమేం కనిపిస్తాయో ఒక్కొక్కటీ చెప్పింది, ఆవిడ మేలు మర్చిపోను. నోట్లో వెంటిలేటర్ గొట్టం, మెడ దగ్గర ఒకటి, మణికట్టు దగ్గర బీపీ చూసే తీగ, ఛాతీలోంచి రక్తం, నీరు బయటికి తీసే రెండు గొట్టాలు, మూత్రానికి ఒకటి, పొట్ట మీదుగా బయటికి వచ్చిన సన్నటి తీగలు. ముఖం, కళ్ళు ఉబ్బి ఉంటాయి, అది నీరు, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, ముట్టుకోవచ్చు, మాట్లాడొచ్చు అంది. చెప్పకపోయి ఉంటే నేను అక్కడే పడిపోయేదాన్ని. నేను మొదట చూసింది పొట్ట. నాలుగో వారం దాటినప్పటి నుంచి చూస్తున్న ఆ ఎగిరే డొక్కలు ఎగరడం లేదు. వెంటిలేటర్ వల్లనే అని తెలుసు, అయినా చాలాసేపు అక్కడే చూస్తూ ఉండిపోయాను.

రెండో రోజు సాయంత్రం గుండె తన లయలోకి తనే వచ్చింది. మూడో రోజు వెంటిలేటర్ తీశారు, ఏడుపు బొంగురుగా, పిల్లి కూనలా వచ్చింది, గొట్టం వల్ల అలా ఉంటుందన్నారు. నాలుగో రోజు ఛాతీ గొట్టాలు తీశారు. ఐదో రోజు నా ఒడిలో పెట్టారు.

ఆ రోజు పాలు పట్టాను. అలవాటు ప్రకారం టైము చూసుకున్నాను. ఆపకుండా తాగింది, మధ్యలో ఒకసారి ఆగి నా మొహం చూసి మళ్ళీ తాగింది. 14 నిమిషాలు. తల కింద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. నర్సు ఏమైందమ్మా అని పరుగెత్తుకొచ్చింది, నేను అంత గట్టిగా ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. ఇంట్లో జాగ్రత్తలు చాలా చెప్పారు కానీ ఒకటి మాత్రం ఇంట్లో అందరికీ నేర్పించాలి, చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు, ఆరు వారాల దాకా ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి పళ్ళెంలా ఎత్తాలి, ఎముక అతుక్కోవాలి కదా. జ్వరం వచ్చినా, కుట్టు దగ్గర ఎర్రబడినా, పాలు మానేసినా ఆగకుండా రమ్మన్నారు. ఆపరేషన్‌లో రక్తం ఎక్కించారు కాబట్టి బతికున్న క్రిముల టీకాలు కొన్ని నెలలు వెనక్కి జరిపారు. మొదటి ఆరు నెలలు, పళ్ళకి సంబంధించిన వైద్యం ఏదైనా చేయించాల్సి వస్తే ముందు యాంటిబయాటిక్ ఇవ్వాలన్నారు, నోట్లోంచి క్రిములు రక్తంలోకి వెళ్ళి మాసిక దగ్గర పట్టుకోకుండా. అందుకే మొదటి పన్ను వచ్చిన రోజు నుంచే తోముతున్నాం.

నెలలోపే 5.3 కిలోలయింది. మందులు ఒక్కొక్కటే తగ్గించి మూడు నెలల్లో ఆపేశారు. మాసిక అంచున 1 మిల్లీమీటరు లీకు మిగిలింది, అది తెలిసినప్పుడు నాకు మళ్ళీ గుండె ఆగినంత పనైంది, చాలామందికి ఇలా ఉండి పోతుందన్నారు, ఏడాదికి తీసిన ఎకోలో కనపడలేదు. ఇప్పుడు తనకి రెండున్నరేళ్ళు, మెట్లెక్కుతుంది, పరిగెడుతుంది, ఛాతీ మధ్య తెల్లటి గీత ఉంది, అద్దంలో చూసుకుని దాన్ని జిప్ అంటుంది. ఏడాదికోసారి చూపిస్తున్నాం.

నన్ను చాలామంది తల్లులు మా బిడ్డకీ చెమట పడుతోంది, భయపడాలా అని అడుగుతారు. చెమట ఒక్కటే అయితే నేను భయపడమనను. తాగుతూ తాగుతూ ఆగి రొప్పడం, అరగంట దాటినా పూర్తి కాకపోవడం, నిద్రలో ఊపిరి వేగం, బరువు గీత పడుకోవడం, వీటిలో రెండు కలిస్తే డాక్టర్ దగ్గర కూర్చుని జలుబు అన్నా లేవకండి. పాలు తాగుతున్నప్పుడు, పడుకున్నప్పుడు ఛాతీ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్ళండి, ఆస్పత్రిలో బిడ్డ ఏడుస్తుంటుంది, అక్కడ ఏమీ కనపడదు. ఊపిరి ఎంత ఉందో అంకె చెప్పండి, బరువు తూయమని అడగండి, గుండె విన్నారా, ఎకో అవసరమా అని నోరు తెరిచి అడగండి. నేను అడగలేదు.

నాకు ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. మొదటి బిడ్డకి ఉంటే రెండో బిడ్డకి వచ్చే అవకాశం మామూలుకంటే కొంచెం ఎక్కువ, వందలో రెండు నుంచి ఐదు దాకా ఉండొచ్చన్నారు, అందుకని గుండె ఒక్కదానికే వేరుగా చేసే ఎకో గత వారం చేయించాం. నాలుగు గదులు, కవాటాలు, రెండు పెద్ద నాళాలు సరిగ్గా ఉన్నాయన్నారు. చిన్న రంధ్రం ఉంటే ఇందులో కూడా తెలియకపోవచ్చని ఆ డాక్టర్ దాచకుండా చెప్పారు, పుట్టాక మొదటి వారంలో ఒకసారి, నాలుగో వారంలో ఒకసారి ఎకో తీద్దామన్నారు. పాత పుస్తకంలో ఇంకా సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి, ఆ రెండు తేదీలూ అందులోనే రాసుకున్నాను.